బీడీఎస్‌లో మార్కులు తక్కువున్నా అమెరికాలో డెంటల్ సీటు మీద ఆశ పెట్టుకోవచ్చా?

నమస్తే అండీ. బీడీఎస్‌లో 58 శాతం, రెండు సప్లీలు, పెళ్లయ్యాక హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద అమెరికా వచ్చాను, మన మార్కుల్ని అమెరికా లెక్కలోకి మార్చే ఈసీఈ రిపోర్టులో జీపీఏ (4కి లెక్కేసే సగటు) 3 దాటలేదు, "ఈ మార్కులకి సీటెవరిస్తారు" అని తెలిసినవాళ్లే అంటున్నారు అని రాశారు. అప్లై చేయాలా, మానుకోవాలా అన్నది మీ ప్రశ్న.

చేయండి. నా మార్కులూ ఇంచుమించు అంతే. రెండో ఏడాది జనరల్ పాథాలజీ సప్లీలో గట్టెక్కాను. మొదటిసారి ఎక్కడా సీటు రాలేదు, తర్వాత వచ్చింది. ఇప్పుడు అడ్వాన్స్‌డ్ స్టాండింగ్‌లో, అంటే బయటి దేశాల డెంటిస్టులు అమెరికా డిగ్రీ కోసం చేసే కోర్సులో, చదువుతున్నాను.

ముందు స్కూళ్ల లిస్టు సరిచూసుకోండి. కొన్ని స్కూళ్లు కనీస జీపీఏ ఇంత ఉండాలని వెబ్‌సైట్‌లోనే రాస్తాయి. వాటికి ఫీజు కట్టకండి. అలాంటి గీత గీయని స్కూళ్లూ ఉన్నాయి, మీ డబ్బూ ఓపికా వాటి మీద పెట్టండి. సప్లీల గురించి ఎస్‌ఓపీలో (అప్లికేషన్‌తో మన గురించి రాసి పంపే వ్యాసం) దాచొద్దు, బాధపడుతూ పేజీ నింపొద్దు. రెండు వాక్యాలు చాలు: ఏ సబ్జెక్టు, ఆ తర్వాత ఏం మారింది. ఫైనలియర్ ఎనిమిది సబ్జెక్టులూ ఒకేసారి పాసై ఉంటే ఆ మాట తప్పకుండా రాయండి.

తర్వాత ఐఎన్‌బీడీఈ, అంటే అమెరికాలో డెంటిస్టు లైసెన్సు కోసం రాసే జాతీయ పరీక్ష. 500 ప్రశ్నలు, రెండు రోజుల పరీక్ష. పాసైనవాళ్లకి స్కోరంటూ ఉండదు, పాస్ అని మాత్రమే వస్తుంది. కాలేజీలో గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లకీ మనకీ అక్కడ ఒకటే మాట. నాకు ధైర్యం వచ్చింది ఆ రిజల్ట్ చూసిన రోజే. మీరింకా రాయకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అది పూర్తి చేయండి.

మార్కుల లోటును నిజంగా పూడ్చేది క్లినిక్ అనుభవం, చేతి పని. ఇది నేను గట్టిగా నమ్ముతాను. హెచ్4 మీద ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేకపోతే జీతానికి పని చేయలేం, కానీ స్వచ్ఛంద సంస్థల్లో ఉచితంగా సేవ చేయొచ్చు. వీసా విషయంలో అనుమానముంటే ఒకసారి లాయర్‌ని అడగండి. రిమోట్ ఏరియా మెడికల్ అని ఒక సంస్థ ఉంది, ఊరూరా ఉచిత క్యాంపులు పెడుతుంది. పన్ను పీకించుకోవడానికి జనం ముందు రాత్రే వచ్చి కార్లలో పడుకుంటారు. ఇంత డబ్బున్న దేశంలో పంటి నొప్పికి మందు బిళ్లలతో నెలలు నెట్టుకొస్తున్నవాళ్లని నేనక్కడే చూశాను. నేను చేసింది పేషెంట్లను కుర్చీ దాకా తీసుకెళ్లడం, ట్రేలు సర్దడం, అంతే. అయినా ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే. పాథాలజీ మార్కుల ఊసు ఒక్కసారే వచ్చింది.

బెంచ్ టెస్ట్‌కి, అంటే స్కూళ్లు మన చేతి పని చూసే పరీక్షకి, ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక ప్రాక్టీస్ మొదలుపెడితే చాలదు. ఇంట్లో టేబుల్ మీద టైపోడాంట్ (ప్లాస్టిక్ పళ్ల నమూనా) బిగించుకుని ఇప్పటి నుంచే క్లాస్ 2 కావిటీ (వెనక పళ్ల పక్క వైపు ఫిల్లింగ్ కోసం తొలవడం), క్రౌన్ ప్రెపరేషన్ (క్యాప్ కోసం పన్ను అరగదీయడం) చేయండి. పళ్ల నంబర్లు కూడా అలవాటు చేసుకోవాలి. మనం 36 అనే పన్ను ఇక్కడ 19, మన 11 ఇక్కడ 8. కంగారులో పక్క పన్ను తొలిచేస్తే ఎంత బాగా చేసినా ఫలితముండదు. ప్రతివారం చేసిన పన్నుకి ఫొటో తీసి తేదీ వేసి పెట్టుకోండి. మెయిల్ రాక దిగులేసిన రోజున పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూస్తే మీ చెయ్యి ఎంత మారిందో మీకే కనిపిస్తుంది. నన్ను నిలబెట్టింది చాలావరకు ఇదే.

ఇంటర్వ్యూల సీజన్‌లో వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు మ్యూట్ చేయండి. ఎవరికో పిలుపొచ్చిందని తెలిస్తే మనకొచ్చేది టెన్షనే. ఇండియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఏమైందమ్మా" అని అడగొద్దని, కబురుంటే నేనే చెప్తానని అత్తయ్యగారికీ మా అమ్మకీ ముందే చెప్పేశాను. ఇద్దరూ అర్థం చేసుకున్నారు. అలాగే మీ ఆయనతో కూర్చుని ఎన్ని స్కూళ్లకి, ఎంత ఖర్చు దాకా, ఎన్ని అడ్మిషన్ విడతలు ప్రయత్నిద్దామో ఇప్పుడే అనుకోండి. ఫీజులు, లోన్లు చిన్న మొత్తాలు కావు. ఆ లెక్క తేలితే మనసు మీద బరువు సగం దిగుతుంది. జీపీఏ పెంచుకోవడానికని మాత్రమే ఇంకో మాస్టర్స్‌లో చేరమంటే నేను వద్దంటాను. పబ్లిక్ హెల్త్ మీద నిజంగా ఇష్టముంటే అది వేరే సంగతి.

కెనడా వెళ్లే వీలుంటే ఆ దారీ చూడండి. అక్కడ ఎన్‌డీఈబీ (కెనడా డెంటల్ పరీక్షల బోర్డు) ఈక్వివలెన్సీలో, అంటే బయటి డిగ్రీవాళ్ల కోసం పెట్టిన దారిలో, మీ బీడీఎస్ శాతంతో పోటీ ఉండదు, వాళ్లు పెట్టే పరీక్షలు వరసగా నెగ్గాలి. కష్టం, ఖర్చు రెండూ ఎక్కువే. కానీ పాత మార్కులు అక్కడ వెంటాడవు.

మీ మార్కులు ఏడాదివారీగా, ఇంటర్న్‌షిప్ తర్వాత ఎక్కడైనా ప్రాక్టీస్ చేశారా అన్నది ఇక్కడే రాయండి. లిస్టులో ఏ స్కూళ్లు ఉంచాలో, ఏవి తీసేయాలో చూసి చెప్తాను.