కార్ల అమ్మకాలు తగ్గితే 401కె కదపాలా?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు, హెచ్‌1బీ మీద ఉద్యోగం. కార్ల అమ్మకాలు రెండు నెలలుగా తగ్గుతున్నాయి, మాంద్యం ఖాయం అంటున్నారు మిత్రులు. 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా)లోని 1.4 లక్షల డాలర్లను స్టాక్ ఫండ్ల నుంచి తీసి మనీ మార్కెట్‌లో (ఒడిదుడుకులు తక్కువుండే, నగదు లాంటి ఫండ్‌లో) పెట్టేయాలా? కొనాలనుకున్న ఎస్‌యూవీ వాయిదా వేయాలా?

జవాబు: 401కె జోలికి వెళ్లకండి. ఎస్‌యూవీ సంగతి చివర్లో చెబుతాను.

మీ మిత్రుల మాటలో నిజం లేకపోలేదు. ఉన్న కారుతో ఇంకో ఏడాది నెట్టుకురావచ్చు. అందుకే ఉద్యోగం మీద అనుమానం వచ్చినా, లోను వడ్డీ పెరిగినా జనం ముందు ఆపేది కొత్త కారునే. అమెరికాలో 2007లో 1.6 కోట్ల కార్లు, లైట్ ట్రక్కులు అమ్ముడైతే 2009లో 1.04 కోట్లే అమ్ముడుపోయాయి.

అయితే వార్తల్లో ఎక్కువగా చెప్పే అంకె ఆ నెలలో అమ్మిన బళ్ల సంఖ్య కాదు. సీజన్ తేడాలు సర్ది, ఏడాది లెక్కకు మార్చిన వేగం అది. 2025 జనవరిలో అమ్మినవి సుమారు 11 లక్షలు. 12తో గుణిస్తే 1.32 కోట్లు. జనవరిలో బేరాలు ఎప్పుడూ మందమే కాబట్టి సర్దిన వేగం 1.55 కోట్ల చుట్టూ తేలింది. ఒక నెలకు ఈ లెక్క, ఇంకో నెలకు ఆ లెక్క తీసుకుని పోలిస్తే లేని మాంద్యం కనిపిస్తుంది. అన్నట్టు, లైట్ ట్రక్ అంటే పికప్ ఒక్కటే కాదు. మీరు కొనబోయే ఎస్‌యూవీ, పక్కింటివాళ్ల మినీవ్యాన్ కూడా ఆ పద్దులోవే.

రెండు నెలల తగ్గుదల చూడగానే అడగాల్సింది, అంతకుముందు ఏం జరిగిందని. 2025 ఏప్రిల్ 3 నుంచి దిగుమతి కార్లపై 25 శాతం సుంకం అనగానే మార్చిలోనే జనం షోరూములకు పరిగెత్తారు. వేగం 1.7 కోట్లు దాటింది, జూన్‌కల్లా 1.5 కోట్ల పైచిలుకుకు దిగింది. ఎలక్ట్రిక్ కార్లపై 7,500 డాలర్ల పన్ను రాయితీ సెప్టెంబరు 30తో ముగిసినప్పుడూ అదే తంతు. రేపటి కొనుగోలు నిన్నే జరిగిపోయిందంతే. అందుకే మూడు నెలల సగటు తీసి, నిరుటి అవే నెలలతో పోల్చాలి.

తర్వాత డిస్కౌంట్లు చూడండి. అమ్మకాలు తగ్గుతూ డిస్కౌంట్లు పెరిగితే కొనేవాళ్లు లేరన్నమాట. అమ్మకాలు తగ్గినా స్టిక్కర్ ధర (బండి మీద కంపెనీ రాసిన ధర) మీద పైసా దిగకపోతే బళ్లే లేవని అర్థం. 2022లో చిప్‌ల కొరతతో అమ్మకాలు 2020 కన్నా తగ్గాయి, నిరుద్యోగం మాత్రం 4 శాతం దాటలేదు. ఇంకో ఆధారం, 14,000 పౌండ్ల బరువు మించిన హెవీ ట్రక్కుల అమ్మకాలు. సరుకు రవాణా ఉంటేనే కంపెనీలు వాటిని కొంటాయి, నా దృష్టిలో కార్ల కన్నా నమ్మదగ్గ అంకె ఇదే. దీనికీ మెలిక ఉంది: పొగ నిబంధనలు మారే ముందు కంపెనీలు ఎగబడి కొని, తర్వాత ఆపేస్తాయి.

ఇవన్నీ కలిసి చెడుగా ఉన్నా 36 ఏళ్ల వయసులో పాతికేళ్ల డబ్బును అమ్మకూడదు. ఎప్పుడు బయటికి రావాలో సరిగ్గా ఊహించినా, తిరిగి ఎప్పుడు వెళ్లాలన్న దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మీకు అసలు ప్రమాదం మార్కెట్ కాదు, వీసా. ఉద్యోగం పోతే హెచ్‌1బీ గడువు మామూలుగా 60 రోజులే. ఇంటి ఖర్చు నెలకు 6,000 డాలర్లైతే తొమ్మిది నెలలకు 54,000. అంత మొత్తం 401కె బయట, హై యీల్డ్ సేవింగ్స్‌లోనో (ఎక్కువ వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా) ట్రెజరీ బిల్లుల్లోనో (ప్రభుత్వ స్వల్పకాలిక బాండ్లు) ఉండాలి. లేకపోతే ముందు అది నింపండి. కంపెనీ మ్యాచింగ్ (మీరు వేసేదానికి జతగా కంపెనీ వేసే సొమ్ము) వచ్చేంత వరకు మాత్రం 401కెలో వేయడం ఆపొద్దు.

ఆ నిధి నిండే దాకా ఎస్‌యూవీ ఆగాలి. నిండాక అమ్మకాలు మందంగా ఉన్న నెలలోనే వెళ్లండి, బేరం కుదురుతుంది. 40,000 డాలర్ల బండికి సున్నా వడ్డీతో 60 నెలలైతే కట్టేది 40,000. 3,000 క్యాష్‌బ్యాక్ తీసుకుని మిగతా 37,000కి 6 శాతం లోనైతే నెలకు 715 చొప్పున దాదాపు 42,900. ఈ రెండు కాగితాలూ డీలర్ చేత పక్కపక్కన రాయించుకోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ లాంటివి నెలవారీ కిస్తీలో కలిపేయకుండా చూసుకోండి.