ఆప్టికల్ మాడ్యూల్ ఫర్మ్‌వేర్‌కు కంప్యూటర్ మీద టెస్టులు సరిపోతాయా?

ఆప్టికల్ మాడ్యూళ్ళ (విద్యుత్ సంకేతాలను కాంతిగా, కాంతిని తిరిగి సంకేతాలుగా మార్చే పరికరాల) ఫర్మ్‌వేర్ (లోపల నడిచే ప్రోగ్రామ్) పరీక్షించే పనిలో కొత్తగా చేరానని, యూనిట్ టెస్టులన్నీ (కోడును ముక్కలు ముక్కలుగా చూసే పరీక్షలు) కంప్యూటర్ మీద పాస్ అవుతుంటే మళ్ళీ ల్యాబ్‌లో ఫైబరు, అటెన్యుయేటరు (కాంతిని కావలసినంత తగ్గించే పరికరం) ముందేసుకుని కూర్చోవడం దేనికని అడిగారు. ఈ పనిలో తొమ్మిదేళ్ళుగా ఉన్నాను. నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను.

మేము తయారుచేసిన ఒక ఎస్‌ఎఫ్‌పీ (నెట్‌వర్క్ స్విచ్‌లో గుచ్చే చిన్న రకం) మాడ్యూల్ గురించి ఫిర్యాదు వచ్చింది. రోజుకు రెండు మూడుసార్లు అందుతున్న కాంతి సున్నా అని లాగ్‌లో నమోదవుతోంది, మరుక్షణమే మామూలు విలువ కనిపిస్తోంది. లింకు మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు. ఫైబర్ కొన మీద దుమ్ము ఉందేమోనని మూడుసార్లు తుడిచాం, ప్యాచ్ కార్డ్ (కలపడానికి వాడే చిన్న ఫైబర్ తీగ) మార్చాం. సింగిల్ మోడ్ ఫైబర్ కోర్ (కాంతి ప్రయాణించే నడిమి భాగం) 9 మైక్రాన్ల వెడల్పే కాబట్టి ముందు దుమ్మును అనుమానించడం సబబే. ల్యాబ్‌లో రాత్రంతా బిట్ ఎర్రర్ టెస్టర్ (పంపిన డేటా తప్పుల్లేకుండా అందిందో లేదో చూసే పరికరం) నడిపితే ఒక్క తప్పూ రాలేదు. రెండు వారాలు ఇలాగే పోయాయి.

చివరికి డీబీఎం (కాంతి శక్తిని లాగరిథమ్‌లో చెప్పే కొలమానం) అంకెలు పక్కన పెట్టి రిజిస్టర్లలోని (మాడ్యూల్ తన కొలతలు ఉంచే మెమరీ గదుల్లోని) అసలు బైట్లు చూశాను. ఆ లింకులో అందే కాంతి సుమారు మైనస్ 15.9 డీబీఎం. మాడ్యూల్ తన కొలతలను ఎలా చూపాలో చెప్పే ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 ప్రమాణం ప్రకారం కాంతి శక్తిని 0.1 మైక్రోవాట్ యూనిట్లలో, రెండు బైట్లలో చెప్పాలి. ఆ లెక్కన మా విలువ 255, 256 మధ్య ఊగుతోంది. 255 అంటే మొదటి బైటు 0, రెండోది 255. 256 అంటే మొదటిది 1, రెండోది 0. హోస్టు (మాడ్యూల్‌ను గుచ్చిన పరికరం) మొదటి బైటు చదివింది: 0. సరిగ్గా ఆ లోపే మా ఫర్మ్‌వేర్ కొత్త విలువ రాసేసింది. హోస్టు రెండో బైటు చదివింది: అదీ 0. కలిపితే సున్నా, అంటే చీకటి! విలువ తగ్గుతున్నప్పుడు ఇదే జరిగితే 1, 255 కలిసి 511 వస్తుంది, కాంతి ఒక్కసారిగా రెట్టింపైనట్టు కనిపిస్తుంది. అదీ లాగ్‌లో ఉంది, కానీ అలారం మోగలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రెండు బైట్లనూ ఒకే ఐ2సీ (హోస్టు మాడ్యూల్‌ను చదవడానికి వాడే రెండు తీగల పద్ధతి) లావాదేవీలో చదివినప్పుడు అవి ఒకే కొలతకు చెందినవై ఉండాలని ఆ ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. మా కోడు దాన్ని పాటించలేదు. చదవడం మొదలైన క్షణంలోనే విలువకు నకలు తీసి, ఆ నకలునే పంపేలా మార్చాం. 32 బిట్ చిప్ వాడితే ఈ బాధ ఉండదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు, ఎందుకంటే బైట్లు బయటికి వెళ్ళేది ఒకదాని తర్వాత ఒకటే.

మా యూనిట్ టెస్టుల్లో ఈ లోపం ఎందుకు దొరకలేదంటే, వాటిలో విలువ కదలదు. ఒక అంకె ఇస్తాం, అదే తిరిగి వచ్చిందా అని చూస్తాం. ఇప్పుడు అటెన్యుయేటర్‌ను 0.1 డీబీ చొప్పున అటూ ఇటూ కదుపుతూ, విలువను 256 గుణిజాల దగ్గర నిలిపి, లక్షసార్లు చదివిస్తాను. పక్క రీడింగుకన్నా ఒక డీబీ తేడా వచ్చినా టెస్టు ఫెయిల్.

అలాగని కంప్యూటర్ మీది టెస్టులను వదలకండి. లెక్కల భాగాన్ని హార్డ్‌వేర్ నుంచి విడదీసి రాస్తే చాలా తప్పులు అక్కడే బయటపడతాయి. ఉష్ణోగ్రత రిజిస్టర్ ప్లస్, మైనస్ గుర్తు ఉండే సంఖ్య, ఒక్కో అంకె డిగ్రీలో 256వ వంతు. దాన్ని గుర్తు లేని సంఖ్యగా చదివితే మైనస్ 5 డిగ్రీలు 251 డిగ్రీలై కూర్చుంటుంది. ఏడాది పొడవునా ఏసీ నడిచే ల్యాబ్‌లో అది ఎప్పటికీ కనపడదు. కాంతి నిజంగానే సున్నా అయినప్పుడు డీబీఎం కోసం లాగరిథమ్ తీస్తే ఏమవుతుందో కూడా ముందే చూడండి.

ల్యాబ్‌లో తప్పనిసరిగా చేయాల్సింది ఇంకొకటి ఉంది. ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్ జరుగుతుండగా రిలేతో (ప్రోగ్రామ్‌తో నడిపే స్విచ్) కరెంటు తీసేయండి, ప్రతిసారీ వేరే క్షణంలో, రాత్రంతా. తెల్లారేసరికి ఒక్క మాడ్యూల్ లేవకపోయినా ఆ వెర్షన్ బయటికి పోకూడదు.

1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనిపించదు. లేజర్ ఆగిందని మీ ఫర్మ్‌వేర్ చెప్పినా, పవర్ మీటర్‌తో చూడనిదే ఫైబర్ కొనను కంటి దగ్గర పెట్టుకోకండి. మీరు పరీక్షిస్తున్నది ఆ ఫర్మ్‌వేర్‌నే కదా.

మీ హోస్టు బైట్లను ఒక్కొక్కటిగా చదువుతోందా, ఒకే లావాదేవీలో చదువుతోందా? ఆ వివరం రాస్తే ఏ టెస్టుతో మొదలుపెట్టాలో చెబుతాను.