శ్రీకాకుళం అని కొడితే దొరకదు, చికాకోల్ అని కొట్టండి

తమ్ముడూ, 1866 కరువు మీద ప్రాజెక్టుకి యూనివర్సిటీ లైబ్రరీ కంప్యూటర్లో ‘శ్రీకాకుళం’ అని వెతికితే ఒక్క పుస్తకమూ రాలేదన్నావు కదా. టెన్షన్ పడకు, పేరు దగ్గరే వచ్చింది చిక్కు. ఇంగ్లిష్ వాళ్లు మన ఊరిని చికాకోల్ అని రాసేవారు, సి-హెచ్‌తో మొదలవుతుంది. పైగా అప్పటికి శ్రీకాకుళం జిల్లాయే లేదు, అది 1950లో ఏర్పడింది. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా మన ఊరు గంజాం జిల్లాలో ఉండేది. అందుకని ‘చికాకోల్’తో పాటు ‘గంజాం’ అని కూడా కొట్టు. 1882లో మాల్ట్‌బీ రాసిన గంజాం జిల్లా మాన్యువల్ (జిల్లా వివరాల పుస్తకం) ఉందేమో ముందు అడుగు. నీకు కావలసింది పాలకొండ వైపు సంగతైతే మాత్రం, అది అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది కాబట్టి ఆ జిల్లా పుస్తకాలు చూడాలి. ఈ సంగతి తెలియక నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను.

పాత పుస్తకాలు ఇంటికివ్వరు. కాగితం అప్పడంలా విరుగుతుంది, జెరాక్స్‌కీ ఒప్పుకోరు. అనుమతి అడిగి ఫ్లాష్ లేకుండా ఫోన్లో తీసుకో. ముందు టైటిల్ పేజీ ఫొటో తియ్యి, లేకపోతే నెల తర్వాత ఏ పేజీ ఏ పుస్తకంలోదో తెలియక తల పట్టుకుంటావు. యూనివర్సిటీల థీసిస్‌లు శోధ్‌గంగ వెబ్‌సైట్లో ఉచితం, అక్కడా గంజాం అనే వెతుకు.