‘వంట అమ్మాయిల పని’ అని ఐదేళ్ల బాబుకి ఎవరు నేర్పారు?

‘ఉల్లిపాయ పొట్టు తీయమంటే మా ఐదేళ్ల బాబు అది అమ్మాయిల పని అంటున్నాడు, ఇంట్లో మేమెవరం అలా చెప్పలేదు, ఎక్కడ నేర్చుకున్నాడు’ అని అడిగారు. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక స్కూల్లో చాలా ఏళ్లుగా చిన్న క్లాసులకు పాఠాలు చెప్తున్నాను కాబట్టి నేను చూసింది రాస్తున్నాను.

ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదండీ. రెండు మూడేళ్లకే పిల్లలకు తాము పాపో బాబో తెలిసిపోతుంది. ఆ తర్వాత బాబులు ఏం చేస్తారు, పాపలు ఏం చేస్తారు అని చుట్టూ చూసి పట్టేస్తారు. ముందు కనిపించేది ఇల్లే కదా. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లకు రోజుకు సగటున 289 నిమిషాలు అందులోనే పోతాయి, చేసే మగవాళ్లకు 88. అసలు చేయని మగవాళ్లు ఈ లెక్కలోకే రారు. చుట్టాలొస్తే మంచినీళ్లు తెమ్మని పాపకే చెప్తాం, బాబు సోఫాలో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఇద్దరికీ విషయం అర్థమైపోతుంది.

స్కూళ్లు దీన్ని ఇంకా గట్టి చేస్తాయి. అల్లరి చేసే బాబుని ‘అమ్మాయిల పక్కన కూర్చోబెడతా’ అని బెదిరించడం నేను ఎన్నోసార్లు విన్నాను. వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మాయి పక్కన కూర్చోవడమే శిక్ష అయితే, ఆ అమ్మాయి తన గురించి ఏమనుకోవాలి? అమెరికాలో రెబెక్కా బిగ్లర్ అనే సైకాలజిస్టు కొన్ని క్లాసుల్లో టీచర్ల చేత పిల్లల్ని మాటిమాటికీ అబ్బాయిలు, అమ్మాయిలు అని విడదీయించి చూశారు. 1995లో ఆ ఫలితాలు వచ్చాయి. అలా విడదీసిన క్లాసుల్లో ‘ఇది వాళ్ల పని, ఇది మన పని’ అనే ఆలోచన పిల్లల్లో పెరిగింది. పాఠంలో ఏముందన్నది వేరే సంగతి, లైన్ కట్టించే పద్ధతి చాలు.

పోయిన బతుకమ్మకు మా క్లాసులో ఒక బాబు తంగేడు వరస మీద గునుగు పూల వరసను చక్కగా, ఎక్కడా సందు లేకుండా పేర్చాడు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన వాళ్ల నానమ్మ ‘మొగపోరనివి, నీకెందుకురా పూలు పేర్చుడు’ అంది. ‘ఊళ్లో పూలు తెంపుకొచ్చేది ఎవరమ్మా’ అని అడిగాను. ‘ఇంకెవ్వరు, మా ఇంటాయన, కొడుకులు’ అంటూనే ఆగి, బతుకమ్మను కాసేపు చూసి, ‘మంచిగ పేర్చినవ్ బిడ్డా’ అంది. ఆవిడను తప్పు పట్టలేను, తను చిన్నప్పుడు విన్నదే అనేసింది. కానీ పెద్దవాళ్లు కూడా మారతారని నాకు గట్టి నమ్మకం.

మీ బాబుకి లెక్చర్లు వద్దు. వాళ్ల నాన్న రోజూ కూర తాలింపు వేయడం, డబ్బాలు కడగడం కళ్లారా చూడాలి. అదేదో మీకు సాయం చేస్తున్నట్టు కాకుండా తన పనిలా చేయాలి. తర్వాత వీధిలో చూపించండి. కర్రీ పాయింట్‌లో, ఇరానీ హోటల్లో, పెళ్లి భోజనాల దగ్గర వండేది ఎక్కువగా మగవాళ్లే. డబ్బులొచ్చే చోట మగవాళ్లు సంతోషంగా వండుతారు, రాని చోటే అది అమ్మ పని అయిపోతుంది. ఐదేళ్లవాడికి ఈ మాట పూర్తిగా అర్థం కాకపోవచ్చు, కానీ ‘మరి ఆ అంకుల్ ఎందుకు వండుతున్నారు?’ అన్న ప్రశ్న మాత్రం వాడి బుర్రలో తిరుగుతుంది.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్లినప్పుడు మార్కులతో పాటు, పిల్లల్ని ఎలా కూర్చోబెడుతున్నారు, లైన్లు ఎలా కట్టిస్తున్నారు అని కూడా అడగండి. నా క్లాసులో పుట్టిన నెలల ప్రకారం లైన్ కట్టిస్తాను. ఏ ఇబ్బందీ రాలేదు.