మిర్యాలగూడలో కూర్చుని స్క్రీన్‌ప్లే నేర్చుకోవచ్చా?

ప్రశ్న అడిగిన తమ్ముడిది నాగర్‌కర్నూల్ దగ్గర ఊరట. డిగ్రీ అయిపోయింది, సినిమాలకు కథలు రాయాలని ఉంది, కోర్సుకు డబ్బుల్లేవు, చుట్టుపక్కల ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్కరూ కనపడరు. హైదరాబాద్ పోయి, సినిమా ఛాన్సుల కోసం తిరిగేవాళ్ళుండే కృష్ణానగర్‌లో రూము తీసుకోవడం తప్ప దారి లేదా అని అడిగాడు. చివర్లో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది కూడా ఉంది.

ఉంది తమ్మీ, దారి ఉంది. కృష్ణానగర్‌లో రూము తీసుకుంటే ముందుగా నేర్చుకునేది అద్దె కట్టడం. రెండోది అబద్ధం చెప్పడం, "కథ మీద సిట్టింగ్స్ నడుస్తున్నయ్, ప్రొడ్యూసర్ ఓకే అన్నడు" అని ఇంటికి ఫోన్ చేసి. రాయడం మూడో నంబర్లో వస్తుంది, వస్తే.

నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో గుమస్తాను. మిత్రులు తీసిన షార్ట్ ఫిల్ముల్లో తప్ప తెర మీద నా పేరు ఎక్కడా పడలేదు. కాబట్టి నా మాట వినాలా వద్దా అన్నది నీ ఇష్టం. సినిమా అయినవాళ్ళను అడిగితే "కష్టపడ్డాను, దేవుడు చూశాడు" అని తప్ప ఇంకో ముక్క చెప్పరు. ఆ దేవుడు ఏ మండలంలో ఉంటాడో మనకు తెలియదు గనక నాబోటి వాడి మాటే నీకు కాస్త పనికొస్తుంది.

కోర్సుల సంగతి తొందరగా చెప్పేస్తా. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రైటింగ్‌కు ప్రత్యేకంగా కోర్సు ఉంది, సీటొస్తే వదులుకోకు. వారాంతపు ఆన్‌లైన్ వర్క్‌షాపులున్నాయి చూశావా, వాటి జోలికి మాత్రం పోకు. నేను ఒకదానికి డబ్బులు కట్టాను. ఆయన రెండు రోజులూ తాను ఏ హీరోతో భోజనం చేశాడో చెప్పి, కథను మొదలు, నడుమ, ముగింపు అని మూడు అంకాలుగా విడగొట్టే బొమ్మ ఒకటి గీసి, సర్టిఫికెట్ పంపాడు. అది మా ఇంట్లో కరెంటు బిల్లుల ఫైల్లో ఉంది.

నాకు నిజంగా పనికొచ్చింది ఉచితంగా దొరికేదే. ఒక సినిమా పెట్టుకో. ప్రతి సీనుకూ ఆపు. ఎవరు, ఎక్కడ, ఏం కావాలని వచ్చాడు, దొరికిందా లేదా, ఒక్క లైనులో రాయి. సినిమా అయ్యేసరికి నీ చేతిలో వన్‌లైన్ ఆర్డర్, అంటే సీన్ల వరస, ఉంటుంది. ఇండస్ట్రీలో కథా చర్చలు నడిచేది ఆ కాగితం మీదే. హిట్టయిన సినిమాతో మాత్రం చేయకు, అందులో మునిగిపోయి ఆపడం మర్చిపోతావు. ఫ్లాపయిన సినిమా పట్టు. ఎక్కడ బండి ఆగిందో, ఎవడు ఊరికే నడుస్తున్నాడో బట్టబయలుగా కనపడుతుంది. తర్వాత అదే సినిమా సౌండ్ తీసేసి చూడు. అప్పటికీ కథ అర్థమైతే రాసినవాడు మొనగాడు.

ఇంగ్లిష్ పాఠాలు చెప్పే మూడంకాల లెక్క మనకు అంతగా కుదరదని నా గట్టి నమ్మకం. మన దగ్గర ఇంటర్వెల్ అనేది ఉంది. నడిమధ్యలో జనాన్ని లేపి బయటికి పంపి, మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే వచ్చి కూర్చునేలా చేయాలి. ఆ బాధ తెల్లోడికి లేదు. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అనే లెక్క కూడా కొరియర్ ఫాంటు, పన్నెండు పాయింట్ సైజులో ఇంగ్లిష్‌లో రాసినవాళ్ళది. మన ఒత్తులూ గుడులూ ఆ పేజీలో ఒదగవు. మన పాతవాళ్ళు కాగితాన్ని నిలువునా రెండు చేసి ఎడమ పక్క కనపడేది, కుడి పక్క వినపడేది రాసేవాళ్ళు. నేను ఇప్పటికీ మొదటి ప్రతి అట్లాగే రాస్తా. కుడి పక్క నిండిపోయి ఎడమ పక్క ఖాళీగా ఉంటే ఆ సీను రేడియోకు పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. నేను సీను రాయడం నేర్చుకున్నది మిల్లు గేటు దగ్గర.

వానకాలం కోతలప్పుడు మిర్యాలగూడ చూశావో లేదో. సాగర్ ఎడమ కాలువ కింద కోత మిషన్లు దిగితే, కోసిన పచ్చి వడ్లు కోసినట్టే ట్రాక్టర్లలో మిల్లులకు వస్తాయి. ఒక్కోసారి టోకెన్లు ఇచ్చినా ఆగదు, గేటు నుంచి రోడ్డు దాకా బారు. తేమ ఎక్కువుందని మిల్లువాళ్ళు, రేటు తక్కువైందని రైతులు, పొద్దంతా లొల్లి. రాత్రయ్యేసరికి అందరూ అలిసిపోయి ట్రాలీల కింద పట్టాలు పరుచుకుంటారు. నేను కాంటా గదిలో ఉండాలి. పని అరగంటకోసారి తగుల్తుంది, నిద్రపోతే సేటు ఊరుకోడు. అందుకని కాంటా చీటీల వెనక రాసుకునేవాణ్ణి.

ఒక డ్రైవర్ కిటికీలోంచి చూసి "ఏందన్నా, మా తూకాల్లో కోతలా?" అన్నాడు. కథ అన్నాను. "అయితే చెప్పరాదె, ఎట్లయినా నిద్రొస్తలేదు" అన్నాడు. బయటికొచ్చి ట్రాలీ పక్కన కూర్చున్నా. ఇంకో నలుగురు చేరారు. హాలియా దిక్కు పెద్దమనిషి ఒకాయన కూడా ఉన్నాడు, తలకు తువ్వాల చుట్టుకుని, చుట్ట వెలిగించీ వెలిగించక.

నా సీన్లో అన్నదమ్ములు పొలం నీళ్ళ కోసం మూడు పేజీలు తిట్టుకుంటారు. నాన్న పేరు, అమ్మ కన్నీళ్ళు, చిన్నప్పుడు పంచుకున్న అన్నం ముద్ద, అన్నీ ఉన్నాయి. గొంతు మార్చి మార్చి చదివాను. ఒకటో పేజీలో డ్రైవర్ ఫోన్ తీశాడు. రెండో పేజీలో ఒకతను మూత్రానికని లేచి పోయి మళ్ళీ రాలేదు. పెద్దాయన మాత్రం చివరిదాకా విని అడిగాడు.

"ఏ మేజర్ కింద బిడ్డా ఆ పొలం?"

ఆయన అడిగింది ఏ పెద్ద పిల్లకాలువ కింద అని. కథలో అది లేదు పెద్దయ్యా అన్నాను.

"లేకుంటె ఎట్లా? ఎవనిది ఎగువ, ఎవనిది దిగువ?"

"తమ్ముడిది ఎగువ అనుకో."

"అయితే వాళ్ళెందుకు తిట్టుకుంటరు? నాదీ దిగువే. కాలువ మొదట్ల మా తమ్మునిది. వారబందీ పెట్టి వంతులేసి నీళ్ళిచ్చినప్పుడు మా వంతు వొచ్చేది రాత్రిపూట. నేను పొయ్యి వాని తూము కాడ పండుకుంట, ఎత్తకుండ. మాకు మాటల్లేవు, ఎన్నడో బందయినయ్. వాడు నడిరాత్రి వొస్తడు. చలి పెడుతున్నదని నా మీద దుప్పటి కప్పుతడు. కప్పి, తూము ఎత్తుకుంటడు."

ఫోన్ చూస్తున్న డ్రైవర్ తలెత్తాడు. "మరి నువ్వేం జేస్తవ్ తాతా?"

"ఏం జేస్త? మెలకువున్నా లేవ. లేస్తె దుప్పటి తీసుకపోతడేమో."

అందరూ పగలబడి నవ్వారు. ముసలాయన నవ్వలేదు, చుట్ట వెలిగించుకున్నాడు. నేను కాంటా గదిలోకి పోయి మూడు పేజీలూ చింపేసి అర పేజీలో ఒక్క మాట లేకుండా ఆ సీను రాశాను. ఎడమ పక్కంతా నిండింది. కుడి పక్కన కాలువ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఈ రోజుకీ నేను రాసినవాటిలో అందరూ గుర్తుపెట్టుకునేది అదొక్కటే, అది నాది కూడా కాదు.

ఆ సీజన్ అంతా రాత్రిళ్ళు చదివి వినిపించాను. లెక్క తేలిగ్గా తెలిసిపోయింది. "తర్వాత?" అంటే సీను బతికింది. "మంచిగుందన్నా" అంటే చచ్చింది. ఎవడైనా మధ్యలో తన ఇంటి ముచ్చట ఎత్తుకుంటే, అక్కడ సరుకుంది, తవ్వాలి. ఏ ఫిల్మ్ స్కూల్లోనూ ఇట్లాంటి పరీక్ష పెడతారని నేను అనుకోను.

నీ ఊరి సంగతి కూడా ఇక్కడే చెప్తా. దర్శనం మొగులయ్య మీ జిల్లా మనిషే. పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం మీద, ఉన్నోళ్ళను దోచి పేదలకు పెట్టిన పండుగ సాయన్న కథ పాడేవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. తలుపు తలుపుకూ పోయి పాడేవాళ్ళకు టికెట్ కొన్న ప్రేక్షకుడు ఉండడు, నచ్చకపోతే తలుపు వేసుకుంటారు. మీ దగ్గర అట్లా కథ చెప్పేవాళ్ళు, చిందు భాగోతం ఆడేవాళ్ళు, ఇంకా ఉన్నారు. వాళ్ళు ఎక్కడ ఆపుతారో, ఎక్కడ పాట ఎత్తుకుంటారో ఒక రాత్రి కూర్చుని చూడు. ఇంటర్వెల్ ఎక్కడ పెట్టాలన్నది అక్కడ అర్థమవుతుంది.

చుట్టుపక్కల ఎవరూ లేరన్నావు. ఈ మాట పాతది. తెలంగాణలో కవులే లేరన్నారని మీ పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల్ని ఒక్క సంచికలో అచ్చేసి చూపించాడు. అంతెందుకు, సినిమాల్లో కత్తి తిప్పితే రాష్ట్రమంతా చప్పట్లు కొట్టిన కాంతారావుది కోదాడ దగ్గర గుడిబండ. మనుషులున్నారు. "నేను రైటర్‌ని" అని బోర్డు పెట్టుకుని తిరగరు, అంతే.

మా గుంపు ఎట్లా కలిసిందంటే, సేటు బిడ్డ పెళ్ళికి వీడియో తీయడానికి దేవరకొండ నుంచి ఒకతను వచ్చాడు. అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే, ఏడవని మేనత్త మీద కెమెరా పెట్టాడు. అన్నం దగ్గర పట్టుకుని అడిగితే "అన్నా, కథంతా ఆమె దగ్గరే ఉంది" అన్నాడు. అతని స్టూడియో మేడ మీది గదే ఇప్పుడు మా అడ్డా. బస్సులో నా కాగితాలు భుజం మీది నుంచి చదివి "ఆ పోలీసోడు అట్లా మాట్లాడడు సార్" అన్న ఆర్టీసీ కండక్టర్ ఒకరు. చదువు గురించి ఊరూరా ఆటపాటలు వేసే అక్షరాస్యత కళాజాతల్లో తిరిగిన పాలమూరు బడిపంతులు ఒకరు. ఆయన తీసుకొచ్చిన మక్తల్ అంగన్‌వాడీ టీచరమ్మ ఒకరు, మాలో అందరికంటే బాగా రాసేది ఆమే. దేవరకొండ అయితే ఇటు నల్లగొండకూ అటు పాలమూరుకూ నడుమ పడుతుంది. కలిసేది ఆషాఢంలోనో, మూఢంలోనో. ముహూర్తాల్లేక స్టూడియో ఖాళీ, కోతల్లేక నేనూ ఖాళీ.

రూలు ఒక్కటే. రాసినవాడు తన సీను తాను చదవకూడదు, వేరేవాళ్ళు చదువుతుంటే నోరు మూసుకుని వినాలి. నెరేషన్, అంటే కథ చదివి వినిపించడం, మనమే చేస్తే గొంతు పెంచి, చేతులు తిప్పి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ నోటితో కొట్టి చచ్చు సీనును కూడా లేపి నిలబెడతాం. మక్తల్ టీచరమ్మ అంగన్‌వాడీ రిజిస్టర్ చదివినట్టు నా విలన్ డైలాగు చదివింది ఒకసారి. ఆ డైలాగు అక్కడికక్కడే రాలిపోయింది. పిడికెడు మాటలు మిగిలాయి, అవే ఉంచుకున్నా.

ఒక తగాదా కూడా ఉంది మాలో, ఇప్పటికీ తెగలేదు. తెలంగాణ యాస అని ఇప్పుడు అందరూ ఒకే మూసలో కొడుతున్నారు. ప్రతి లైనుకూ ఒక "బై", ఒక "గట్లనే". మిర్యాలగూడ మాటకూ మక్తల్ మాటకూ ఎంత దూరమో మా గదిలో కూర్చుంటే తెలుస్తుంది. ఆమె మాటలో కన్నడం తొంగిచూస్తుంది, నా మాటలో కృష్ణ అవతలి గాలి ఉంటుంది. ఒకప్పుడు మన యాస పనివాళ్ళకూ రౌడీలకూ మాత్రమే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు హీరోకు ఇస్తున్నారు, సంతోషం. కానీ ఏ ఊరి హీరో అన్నది ఎవరూ అడగడం లేదు. పంతులు గారేమో జనానికి అర్థమైతే చాలు కదా అంటాడు. నేను ఒప్పుకోను.

కథ ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని ఎవరికీ చూపించడం లేదని కూడా రాశావు. చూపించు. ఆలోచనకు కాపీరైట్ లేదు, చెప్పిన తీరుకే ఉందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. అందుకని పాయింటు చెప్పి ఊరుకోకు, పూర్తిగా రాయి. రాసింది హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ, ముంబయిలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్‌లో ఆన్‌లైన్‌లో గానీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఒక ఆఫీసులో నా కథ విన్న కో-డైరెక్టర్ "బౌండ్ స్క్రిప్ట్ ఇచ్చిపో, చూసి చెప్తా" అన్నాడు, అంటే పూర్తిగా రాసి బైండు చేసిన స్క్రిప్టు. ఇచ్చాను, మొదటి పేజీ మీద రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. వారం తర్వాత ఫోన్ చేసి మరీ తీసుకుపొమ్మన్నాడు.

సాఫ్ట్‌వేర్ అడిగావు కదా. లాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో గూగుల్ డాక్స్ చాలు, తెలుగులో నోటితో చెప్పినా టైపవుతుంది, ఒత్తులు మాత్రం ఒకసారి చూసుకో. ఏది వాడినా, ఏ ఫోన్లో కంప్యూటర్లో తెరిచినా అక్షరాలు అట్లాగే కనపడే యూనికోడ్‌లోనే కొట్టు. డీటీపీ సెంటర్లో ఇస్తే అను ఫాంట్స్‌లో కొట్టి ఇస్తారు, అది ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. నెలల పని పెన్‌డ్రైవ్‌లో ఉండి కూడా చదవరాకుండా పోతుంది. ఆషాఢంలో దేవరకొండ రాగలిగితే కింద చెప్పు. కల్వకుర్తి మీదుగా బస్సులుంటాయి.