దుబాయ్ నుంచి తిరిగొచ్చాక ఆగిన జీతం అడగొచ్చా?

అన్నా, మీ బామ్మర్ది నాలుగు నెలల జీతం రాకుండానే దుబాయ్ నుంచి జగిత్యాల వచ్చేశాడు, ఇక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందేనా అని అడిగారు కదా. వదులుకోకండి. ఇంటికొచ్చాక కూడా అడగొచ్చు. కాకపోతే గడువు ఉంటుంది, ఆలస్యం చేయొద్దు.

ముందు ఒక్క విషయం కనుక్కోండి: విమానం ఎక్కే ముందు ‘బాకీలన్నీ ముట్టాయి’ అన్న కాగితం మీద సంతకం పెట్టాడా? మనవాళ్లు చాలామంది అరబీలో ఏముందో తెలియకుండానే పెట్టేస్తారు. పెట్టుంటే కేసు కష్టమవుతుంది, అయినా దాచకుండా చెప్పమనండి.

లేబర్ కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. యూఏఈలో జీతాలు బ్యాంకుల ద్వారా పడాలన్న విధానం 2009లోనే వచ్చింది కాబట్టి, ఏ నెల నుంచి ఆగిందో ఆ స్టేట్‌మెంటే చెబుతుంది. వాటితో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, నంబరు రాసుకోండి. దుబాయ్‌లో కేసు వేయాల్సి వస్తే పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున కేసు నడిపే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) ఇచ్చి నడిపించొచ్చు.

ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో ఉన్న, వలస కార్మికుల కోసం పనిచేసే సంఘాల కూటమి మైగ్రెంట్ ఫోరమ్ ఇన్ ఏషియా 2020 నుంచి ఇలా ఎగ్గొట్టిన జీతాల మీదే పోరాడుతోంది. ఇండియాలోని వాళ్ల సభ్య సంఘాలనూ అడిగి చూడండి.