ఆ గొలుసు ఎవరిది బాబూ?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఈ ఏడాదే బీటెక్ అయింది, క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. బెంగళూరు వెళ్లి వెతుక్కుందామనుకుంటున్నాను. వదిన గొలుసు తాకట్టు పెట్టి 60 వేలు ఇస్తానంటున్నారు నాన్న. మూడు నెలలకి చాలుతుందా? హైదరాబాద్ అయితే నయమా? నాన్నకి జబ్బు చేసినప్పుడు అన్నయ్య ఇంటర్‌తో చదువు మానేసి మా కిరాణా కొట్లో కూర్చున్నాడు. ఈ మధ్య నాతో సరిగా మాట్లాడటం లేదు. నేను పైకొస్తానని ఓర్వలేకేమో. ఒడియా మీడియంలో చదివాను, తప్పులుంటే క్షమించండి.

జవాబు: ముందు ఆ క్షమాపణ వెనక్కి తీసుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగే రాయాలని ఆయన పోట్లాడారు. నీ ఉత్తరం నాకు బాగానే అర్థమైంది, నువ్వు దాచాలనుకున్నది కూడా.

డబ్బు సంగతి చిన్నది. బెంగళూరులో విడిగా గది తీసుకుంటే అడ్వాన్సు కిందే చాలా పోతుంది, షేరింగ్ పీజీ అయితే ఆ బాధ తక్కువ. హైదరాబాద్‌లో అమీర్‌పేట హాస్టళ్ల నిండా నీలాంటి కుర్రాళ్లే, పైగా భాష మనది. ఏ ఊరెళ్లినా ‘డిపాజిట్ కట్టు, ఉద్యోగం గ్యారంటీ’ అన్నవాడికి పైసా ఇవ్వకు. నువ్వు అడిగింది అయిపోయింది.

ఇప్పుడు నేను అడుగుతాను. గొలుసు వదినది. ఇస్తానన్నది నాన్న. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? నువ్వు అడిగావా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. పెళ్లాం మెడలోది తాకట్టుకు పోతుంటే ఏ మొగుడు నవ్వుతూ కబుర్లు చెబుతాడు బాబూ? దానికి నువ్వు ఓర్వలేనితనమని పేరు పెట్టావు.

నాలుగేళ్ల నీ ఫీజులు ఎక్కణ్ణించి వచ్చాయి? ఆ కొట్లోంచే కదా. పొద్దున్నే షట్టరు ఎత్తి, రాత్రి దించి, అరువు బాకీలకి ఇంటింటికీ తిరిగినవాడు అన్నయ్య. నాన్న ‘చిన్నోడు ఇంజనీరు’ అని పదిమందికీ చెప్పుకుంటుంటే ఆ పక్కనే నిలబడి పప్పు తూచినవాడూ అతనే. నేను ఇంట్లో పెద్దపిల్లని, అందుకే వాడి పక్షం మాట్లాడుతున్నానంటావా? అనుకో, ఫర్వాలేదు.

ఊరు వదలొద్దని నేను అనను. వెళ్లు. అయితే నాన్న చాటున కాదు. గొలుసు వద్దని నువ్వే చెప్పు, ముందు వదినకి, తర్వాత నాన్నకి. ఆపైన అన్నయ్య దగ్గర కూర్చుని రెండు నెలల ఖర్చు లెక్క రాయి: టికెట్టు, హాస్టల్, తిండి, ఫోను. కొట్టు ఎంత మోయగలదో వాడికే తెలుసు. 20 వేలే అంటే 20 వేలే తీసుకో. మిగతాది సాయంత్రం ట్యూషన్లు చెప్పి కూడబెట్టాకే బయల్దేరు, ఈలోపు ఇంటి దగ్గర నుంచే అప్లికేషన్లు పెట్టు. వాడిచ్చినది ఖాతా పుస్తకంలో నీ పేరు మీద అప్పుగా రాయమను. తమ్ముడివని రాయనంటే నువ్వే కలం తీసుకుని రాయి.

ఇదంతా రాత్రి కొట్టు కట్టేసే వేళ మాట్లాడు. పగలు వెళితే బేరాల మధ్యలో ‘సరేలే’ అనేస్తాడు. ఆ సరే పనికిరాదు.